బంధం బలంగా ఉంటే పదార్థమూ బలంగా ఉంటుందా?

మీ ప్రశ్నలో మూడు భాగాలున్నాయి. పాఠ్యపుస్తకాల్లో అయానిక, సమయోజనీయ, లోహ బంధాలకు ఎదురుగా గుణాల పట్టిక ఒకటి ఉంటుంది కదా, మరి సిలికాన్–ఆక్సిజన్ బంధం అంత బలమైనదై ఉండి కూడా గాజు పగిలిపోతుంటే, అల్యూమినియం మాత్రం పగలకుండా వంగుతుందేమిటి అన్నది మొదటిది. వజ్రంలోనూ గ్రాఫైట్‌లోనూ ఉన్నవి కార్బన్–కార్బన్ సమయోజనీయ బంధాలే అయినప్పుడు వాటి మధ్య అంత తేడా ఎలా వచ్చిందన్నది రెండోది. ఉక్కును ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచి గట్టిపరిచినప్పుడు దానిలోని బంధాలు బలపడుతున్నట్టేనా అన్నది మూడోది.

ఆ పట్టికలో తప్పేమీ లేదు, కానీ అది సగం విషయమే చెబుతుంది. మిగిలిన సగం ఎవరూ చెప్పకపోవడం వల్ల ఇంజనీరింగ్ పూర్తిచేసినవారు కూడా ఇదే చోట తడబడటం పాతికేళ్ల బోధనలో చూస్తూ వచ్చాను కాబట్టి కొంచెం విపులంగానే రాస్తున్నాను. ఏ గుణం గురించి అడిగినా ముందుగా తేల్చుకోవలసినది ఒకటుంది: ఆ గుణాన్ని కొలిచేటప్పుడు పదార్థంలోని ఏ బంధాల మీద భారం పడుతోంది, అది అన్ని బంధాల మీదా సమానంగా పడుతోందా, లేక ఏ కొద్ది బంధాల మీదనో కేంద్రీకృతమవుతోందా? బంధం ఎంత బలమైనదన్న సంగతి దీని తరవాతే వస్తుంది.

మీరు చెప్పిన గాజు, అల్యూమినియాలతోనే మొదలుపెడదాం. ఈ రెండింటి యంగ్ గుణకం, అంటే సాగడాన్ని పదార్థం ఎంతగా ఎదిరిస్తుందో చెప్పే కొలత, దాదాపు ఒక్కటే, సుమారు 70 గిగాపాస్కళ్లు. అంటే ఒకే మందం, ఒకే పొడవు ఉన్న గాజు కడ్డీనీ అల్యూమినియం కడ్డీనీ ఒకే బరువుతో మెల్లగా లాగితే రెండూ దాదాపు ఒకే మేరకు సాగుతాయి, బరువు తీసేస్తే రెండూ మళ్లీ మొదటి పొడవుకు వస్తాయి. ఇంత చిన్న సాగుదలలో ఏ బంధమూ తెగదు. కడ్డీలోని కోటానుకోట్ల బంధాలన్నీ తలా కొంచెం సాగి భారాన్ని పంచుకుంటాయి. అందువల్ల ఈ దృఢత్వాన్ని నిర్ణయించేవి రెండే రెండు విషయాలు: ఒక్కో బంధం ఎంత బిగువైనది, ఒక ఘనపరిమాణంలో అటువంటి బంధాలు ఎన్ని ఉన్నాయి. పొట్టివైన, బిగువైన బంధాలు దట్టంగా ఉన్న వజ్రానికి ఈ గుణకం 1000 గిగాపాస్కళ్లు దాటుతుంది, ఉక్కుకు సుమారు 210 ఉంటుంది, మామూలు పాలిథిన్‌కు 1 ఉండటమే ఎక్కువ.

ద్రవీభవన స్థానం, ఉష్ణ వ్యాకోచం కూడా ఈ కోవకు చెందినవే, ఎందుకంటే వేడి కూడా అన్ని బంధాలనూ ఒకేసారి తాకుతుంది. ఇక్కడ పాఠ్యపుస్తకం పట్టిక చక్కగా పనిచేస్తుంది. సోడియం క్లోరైడ్, మెగ్నీషియం ఆక్సైడ్ రెండింటిలోనూ అయాన్ల అమరిక ఒక్కటే. కానీ మొదటిదానిలో అయాన్ల ఆవేశాలు ఒకటి, ఒకటి. వాటి మధ్య దూరం 282 పికోమీటర్లు (పికోమీటరు అంటే మీటరులో లక్ష కోట్లో వంతు). రెండోదానిలో ఆవేశాలు రెండు, రెండు. దూరం 211 పికోమీటర్లు. ఆవేశాల లబ్ధం నాలుగు రెట్లయి, దూరం కూడా తగ్గినప్పుడు ఆకర్షణ ఎంత పెరుగుతుందో ఊహించవచ్చు. మొదటిది 801 డిగ్రీల సెల్సియస్ వద్ద కరిగితే రెండోది కరగడానికి 2800 డిగ్రీలు దాటాలి. కొలిమి లోపలి గోడలకు మెగ్నీషియం ఆక్సైడ్ ఇటుకలు పేర్చడానికి కారణం ఇదే.

వంగడం, పగలడం దగ్గరికి వచ్చేసరికి లెక్క పూర్తిగా మారిపోతుంది, ఎందుకంటే ఇక్కడ బంధాలన్నీ ఒకేసారి పాల్గొనవు. ఒక లోహ స్ఫటికంలో ఒక పరమాణు పొర పక్క పొర మీదుగా ఒక్కసారిగా జారాలంటే ఎంత బలం కావాలో 1926లో ఫ్రెంకెల్ అనే భౌతిక శాస్త్రవేత్త లెక్కగట్టాడు. ఆ లెక్క ప్రకారం రాగికి కొన్ని గిగాపాస్కళ్ల ఒత్తిడి కావాలి. వాస్తవంలో శుద్ధమైన రాగి ఏకస్ఫటికం (అంతా ఒకే స్ఫటికంగా ఉన్న ముక్క) ఒక మెగాపాస్కల్‌కు, అంటే గిగాపాస్కల్‌లో వెయ్యో వంతుకు, అటూఇటూగానే లొంగిపోతుంది. వేల రెట్ల తేడా ఇది! బంధాల బలాన్ని ఎంత కచ్చితంగా లెక్కించినా ఈ తేడా పూడదు. 1934లో టేలర్, ఒరొవాన్, పొలాన్యీ ముగ్గురూ ఎవరికి వారుగా దీనికి సమాధానం చెప్పారు. స్ఫటికంలో అక్కడక్కడ ఒక పరమాణు పొర సగంలోనే ఆగిపోయి ఉంటుంది. ఆ అంచును డిస్‌లొకేషన్ అంటారు. ఒత్తిడి పెట్టినప్పుడు పొర మొత్తం జారదు, ఈ అంచు మాత్రమే ఒక వరుస నుంచి పక్క వరుసకు కదులుతుంది. గొంగళిపురుగు ఒళ్లంతా ఒకేసారి ఈడ్చుకోకుండా ఒక మడతను వెనక నుంచి ముందుకు నడిపించి ముందుకు సాగినట్టే ఇదీను. ఏ క్షణంలో చూసినా తెగి మళ్లీ కలుస్తున్నవి ఒక్క వరుసలోని బంధాలే.

బంధం రకం తన ప్రభావాన్ని చూపేది సరిగ్గా ఇక్కడే, అయితే పట్టిక చెప్పిన తీరులో కాదు. ఆ అంచు సులభంగా కదలగలదా లేదా అన్నది బంధం స్వభావం మీద ఆధారపడుతుంది. లోహంలో ఎలక్ట్రాన్లు ఏ ఒక్క జంట పరమాణువులకో చెందినవి కావు కాబట్టి, పక్కన ఉన్న పరమాణువు మారినా బంధానికి నష్టం లేదు, ఆ అంచు హాయిగా సాగిపోతుంది. సిలికాన్‌లో ప్రతి బంధానికీ నిర్ణీతమైన దిశ ఉంటుంది, దాన్ని తెంపనిదే అంచు ఒక్క అడుగు వేయలేదు, అందుకే గది ఉష్ణోగ్రత దగ్గర సిలికాన్ పలక గాజులాగే పగులుతుంది. ఉప్పులో పొర జరిగితే ధనావేశానికి ఎదురుగా ధనావేశం వచ్చి వికర్షించుకుంటాయని పుస్తకాలు చెబుతాయి. అది చాలావరకు నిజమే కానీ, ఆ వికర్షణ రాని దిశలు కూడా కొన్ని ఉన్నాయి, ఆ దిశల్లో ఉప్పు ఏకస్ఫటికం కొంత జారగలదు కూడా. అడ్డదిడ్డంగా అతుక్కున్న అనేక రేణువుల ముద్ద పగలకుండా ఆకారం మార్చుకోవాలంటే ఆ కొద్ది దిశలు చాలవు. రాగికి, అల్యూమినియానికి అటువంటి జారుడు మార్గాలు 12 ఉన్నాయి. జింకుకు గది ఉష్ణోగ్రత వద్ద సులభంగా తెరుచుకునేవి 3 మాత్రమే. అదీ లోహమే, దానిలోనూ లోహ బంధమే, అయినా దాని తాంతవత (తీగలా సాగే గుణం) రాగితో పోల్చదగినది కాదు. పట్టిక ఈ తేడాను చూపలేదు.

వీలైతే ఒక చిన్న పరీక్ష చేసి చూడండి. పెన్సిల్‌లో సగం మందం ఉన్న రాగి తీగను ఎర్రబడే దాకా కాల్చి చల్లార్చండి. ఉక్కులా కాకుండా రాగిని నీళ్లలో ముంచి చల్లార్చినా గట్టిపడదు. అది వేళ్లతో వంచగలిగేంత మెత్తగా ఉంటుంది. ఇప్పుడు దాన్ని వంచిన చోటే తిరిగి చాపడానికి ప్రయత్నిస్తే, వంచిన భాగం మొండికేసి, దాని పక్కనున్న మెత్తని భాగాలు వంగుతాయి. తీగ తిన్నగా రాదు, రెండు చిన్న వంపులు మిగిలిపోతాయి. వంచినప్పుడు కొత్తగా పుట్టుకొచ్చిన లెక్కలేనన్ని డిస్‌లొకేషన్లు ఒకదానికొకటి అడ్డం పడి చిక్కుపడటం వల్ల ఆ భాగం గట్టిపడింది. మళ్లీ కాల్చితే చిక్కులు విడిపోయి తీగ మెత్తబడుతుంది. ఈ మొత్తం వ్యవహారంలో రాగి పరమాణువుల మధ్య బంధం బలం ఇసుమంత కూడా మారలేదు. తొలి రోజు తరగతిలో ఈ పరీక్ష చేయించిన తరవాతే నేను పాఠం మొదలుపెట్టేవాణ్ని, ఎందుకంటే చేతికి తెలిసిన సంగతిని మనసు త్వరగా ఒప్పుకుంటుంది.

గాజులో క్రమబద్ధమైన పొరలే లేవు, కనుక జారే అంచు అన్న మాటే రాదు. భారం పెరిగినప్పుడు దానికి మిగిలిన దారి పగులు ఒక్కటే. గాజు ఉపరితలం మీద కంటికి కనిపించని గీతలు ఎప్పుడూ ఉంటాయి. గీత కొస దగ్గర ఒత్తిడి ఎన్నో రెట్లు పెరిగి, ఆ కొసన ఉన్న కొద్దిపాటి బంధాల మీదే మొత్తం భారం పడుతుంది. అవి తెగగానే పక్కవాటి వంతు వస్తుంది. 1920లో గ్రిఫిత్ అనే ఇంజనీరు ఈ సంగతిని నిరూపించడానికి గాజును సన్నని పోగులుగా లాగి తెంపి చూశాడు. పోగు ఎంత సన్నగా ఉంటే దాని బలం అంత పెరిగింది, ఎందుకంటే సన్నని పోగులో పెద్ద గీతకు చోటు లేదు. కిటికీ అద్దం కొన్ని పదుల మెగాపాస్కళ్ల దగ్గరే విరుగుతుంది, అప్పుడే లాగిన, చేయి తగలని సిలికా పోగు మాత్రం కొన్ని గిగాపాస్కళ్లను తట్టుకుంటుంది. మీరు నమ్మిన సిలికాన్–ఆక్సిజన్ బంధం అంత బలమైనదే. దానికి తన బలం చూపే అవకాశాన్ని గీతలు ఇవ్వవు, అంతే. అల్యూమినియం మీద కూడా గీతలుంటాయి, కానీ ఒత్తిడి పెరిగినప్పుడు గీత కొస చుట్టూ ఉన్న లోహం జారి ఆ కొసను మొద్దుబారుస్తుంది కాబట్టి పగులు అక్కడే ఆగిపోతుంది.

గాజును కోసేవారి పనితనాన్ని దగ్గరగా గమనించినవారికి ఇది బాగా అర్థమవుతుంది. వజ్రపు మొనతో గీసిన గీత పలుచనిదే, లోతు కూడా స్వల్పమే, కానీ దాని కింద వేలు పెట్టి నొక్కితే పలక సరిగ్గా ఆ గీత వెంటే విడిపోతుంది. గీత తడిగా ఉంటే పని మరింత సులువవుతుంది. నీటి అణువులు పగులు కొసకు చేరి, బాగా సాగి ఉన్న సిలికాన్–ఆక్సిజన్–సిలికాన్ వంతెనను తెంచి, రెండు కొసలకూ హైడ్రాక్సిల్ సమూహాలను తగిలించడమే ఇందుకు కారణం. దీన్ని తిరగేసి గాజును బలపరచనూ వచ్చు. కరిగిన పొటాషియం నైట్రేట్‌లో సోడియం ఉన్న గాజు పలకను గంటల తరబడి ఉంచితే, ఉపరితలంలో 102 పికోమీటర్ల వ్యాసార్ధం ఉన్న సోడియం అయాన్ల చోట్లలోకి 138 పికోమీటర్ల పొటాషియం అయాన్లు ఇరుక్కుని చేరతాయి. పైపొర అంతా నొక్కుకుపోయి, గీతలు తెరుచుకోకుండా వాటి నోళ్లు మూసి పెడుతుంది. మొబైల్ ఫోన్ల తెరల మీది గాజును ఈ పద్ధతిలోనే బలపరుస్తారు.

ఇక వజ్రం, గ్రాఫైట్. గ్రాఫైట్‌లో బంధాలు బలహీనమని చాలామంది అనుకుంటారు. కొలతలు దానికి వ్యతిరేకంగా ఉన్నాయి. వజ్రంలో కార్బన్–కార్బన్ దూరం 154 పికోమీటర్లు, గ్రాఫైట్ పొర లోపల అది 142 మాత్రమే, అంటే పొర లోపలి బంధం వజ్రంలోని బంధం కన్నా పొట్టిది, బలమైనది. బలహీనత అంతా పొరకూ పొరకూ మధ్యనే ఉంది. అక్కడి దూరం 335 పికోమీటర్లు, అక్కడ పనిచేసేవి వాండర్ వాల్స్ బలాలనే బలహీనమైన ఆకర్షణలే. పెన్సిల్‌తో రాసినప్పుడు భారం ఆ బలహీనమైన చోట పడి పొరలు విడివడతాయి కాబట్టి గ్రాఫైట్ మెత్తనిదంటాం. అదే గ్రాఫైట్‌ను వేడి చేస్తే, పరమాణువులను విడదీయాలంటే పొర లోపలి బంధాలను తెంచక తప్పదు కాబట్టి, అది 3000 డిగ్రీలు దాటినా ఘనరూపంలోనే ఉంటుంది. ఒకే పదార్థం ఒక పరీక్షలో అత్యంత బలహీనంగానూ, మరో పరీక్షలో అత్యంత బలంగానూ కనిపించడానికి ఇంతకన్నా స్పష్టమైన ఉదాహరణ నాకు తెలియదు. 2004లో మాంచెస్టర్ విశ్వవిద్యాలయంలో గైమ్, నొవొసెలొవ్ అంటుకునే టేపుతోనే గ్రాఫైట్ నుంచి ఒక్క పరమాణువు మందం ఉన్న పొరను, అంటే గ్రాఫీన్‌ను విడదీయగలిగింది కూడా ఈ అసమానత వల్లనే. ఆ పని వారికి 2010లో నోబెల్ బహుమతి తెచ్చింది.

విద్యుత్తు విషయంలో అడగవలసిన ప్రశ్న కొంచెం మారుతుంది: ఎలక్ట్రాన్ బంధంలో ఎంత బిగుతుగా చిక్కుకుని ఉంది? వజ్రంలో ప్రతి కార్బన్‌కూ బయటి కక్ష్యలో ఉన్న నాలుగు ఎలక్ట్రాన్లూ నాలుగు బంధాల్లో బందీలు. వాటిలో ఒకదాన్ని విడిపించాలంటే సుమారు 5.5 ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి కావాలి. గ్రాఫైట్‌లో మూడు మాత్రమే అలా చిక్కుకుంటాయి, నాలుగోది పొర అంతటా తిరుగుతుంది. అందుకే గ్రాఫైట్ పొరల వెంట విద్యుత్తు బాగా పారుతుంది, పొరలకు అడ్డంగా మాత్రం అంతంత మాత్రమే. వజ్రం అమరికనే ఉంచి కార్బన్ చోట సిలికాన్, ఆ తరవాత జెర్మేనియం పెట్టుకుంటూ పోతే బంధం పొడవు 154 నుంచి 235కు, అక్కడి నుంచి 245 పికోమీటర్లకు పెరుగుతుంది, విడుదలకు కావలసిన శక్తి 5.5 నుంచి 1.1కు, ఆపై సుమారు 0.7 ఎలక్ట్రాన్ వోల్టులకు దిగుతుంది. ఒకటి విద్యుత్ బంధకం, మిగిలిన రెండూ అర్ధవాహకాలు కావడంలో రహస్యమేమీ లేదు.

ఆ వరుసలో తరవాత వచ్చే తగరం ఇంకా ఆసక్తికరమైనది, ఎందుకంటే అది రెండు అమరికల్లోనూ ఉండగలదు. మనకు తెలిసిన తెల్ల తగరం మెత్తని లోహం, సాంద్రత ఘన సెంటీమీటరుకు సుమారు 7.3 గ్రాములు. 13 డిగ్రీల కన్నా చల్లగా చాలాకాలం ఉంచితే అది వజ్రం అమరికలోకి మారే అవకాశం ఉంది. అప్పుడు పరమాణువులు ఎడమెడంగా జరిగి సాంద్రత 5.8కి పడిపోతుంది, వస్తువు ఉబ్బి, బూడిదరంగు పొడిగా రాలిపోతుంది. అవే పరమాణువులు, మరో మూలకం కలవలేదు, అమరిక మారేసరికి లోహపు గుణాలే పోయాయి.

పాలిమర్లలో రెండు రకాల బంధాలు పక్కపక్కనే ఉంటాయి: గొలుసు పొడవునా సమయోజనీయ బంధాలు, గొలుసుకూ గొలుసుకూ మధ్య బలహీనమైన ఆకర్షణ. మామూలు పాలిథిన్‌ను లాగినప్పుడు చిందరవందరగా పడి ఉన్న గొలుసులు ఒకదాని మీద ఒకటి జారతాయి కానీ గొలుసు లోపలి బంధాల దాకా భారం చేరదు. అదే పాలిథిన్ గొలుసులను చాలా పొడవుగా తయారుచేసి, అన్నిటినీ ఒకే దిశలో చక్కదిద్ది పోగుగా లాగితే భారం నేరుగా కార్బన్–కార్బన్ బంధాల మీద పడుతుంది, ఆ పోగు దృఢత్వం 100 గిగాపాస్కళ్ల స్థాయికి చేరుతుంది.

రబ్బరు మాత్రం వీటన్నిటికీ భిన్నం. దాన్ని సాగదీసినప్పుడు బంధాలు సాగవు, ముడుచుకుని ఉన్న గొలుసులు తిన్నబడతాయి. వెనక్కు లాగేది గొలుసులు తిరిగి చిందరవందర కావాలనే ధోరణి. ఒక వెడల్పాటి రబ్బరు బ్యాండును చటుక్కున సాగదీసి పెదవికి ఆనించండి, వెచ్చగా తగులుతుంది. కాసేపు అలాగే ఉంచి వదిలి, వెంటనే మళ్లీ ఆనిస్తే చల్లగా తగులుతుంది. బరువు వేలాడదీసిన రబ్బరును వేడి చేస్తే, లోహపు తీగలా సాగకుండా, ముడుచుకుని బరువును పైకి లేపుతుంది.

మీ మూడో ప్రశ్నకు సమాధానం: బలపడవు. శుద్ధమైన ఇనుము 912 డిగ్రీల దగ్గర ఒక స్ఫటిక అమరిక నుంచి మరొక అమరికకు మారుతుంది. వేడిమీద ఉండే అమరికలో పరమాణువుల సందుల్లో రెండు శాతం దాకా కార్బన్ ఇముడుతుంది, చల్లటి అమరికలో 0.02 శాతం మించి ఇమడదు. నిదానంగా చల్లారితే అదనపు కార్బన్ బయటికి వచ్చి ఇనుముతో వేరే సమ్మేళనంగా స్థిరపడుతుంది. నీళ్లలో ముంచితే దానికి బయటపడే వ్యవధి దొరకదు. ఎక్కడివక్కడ ఇరుక్కుపోయిన కార్బన్ పరమాణువులు జాలకాన్ని (ఇనుము పరమాణువుల క్రమబద్ధమైన అమరికను) ఒక దిశలో సాగదీసి వికృతం చేస్తాయి, డిస్‌లొకేషన్లకు అడుగడుగునా అడ్డుపడతాయి. ఈ స్థితినే మార్టెన్‌సైట్ అంటారు. జారుడు ఆగిపోయింది కాబట్టి ఉక్కు గట్టిపడింది, అదే కారణంగా పెళుసుబారింది కూడా. అందుకే దాన్ని మళ్లీ కొంత వేడిచేసి, కొద్దిపాటి గట్టిదనాన్ని వదులుకుని, పగలని గుణాన్ని తెచ్చుకుంటారు. ఇనుము–ఇనుము బంధం మాత్రం అదే. మెత్తని ఉక్కు 200 మెగాపాస్కళ్లకు లొంగవచ్చు, గట్టిపరిచినది దానికి ఎన్నో రెట్లు తట్టుకోవచ్చు, కానీ రెండింటి యంగ్ గుణకమూ సుమారు 210 గిగాపాస్కళ్లే. గట్టిపరిచిన ఉక్కులో కొలిస్తే అది కొద్దిగా తగ్గుతుంది కూడా.

దీనికి పని చేసే చోట నేరుగా ప్రయోజనం ఉంది. చాలా ఏళ్ల కిందట ఒక కర్మాగారంలో ఒక యంత్రపు ఇరుసు నడుస్తున్నప్పుడు అవసరానికి మించి వంగుతోందని, మామూలు ఉక్కు తీసేసి, గట్టిపరిచిన ఖరీదైన మిశ్రలోహపు ఉక్కుతో అదే కొలతల్లో కొత్త ఇరుసు చేయించారు. నన్ను పిలిచి కొలిపించినప్పుడు వంపు పాతదానితో సమానంగా వచ్చింది. ఆ ఇరుసు శాశ్వతంగా వంగిపోవడమో, విరగడమో సమస్య అయ్యుంటే వారి నిర్ణయం సరైనదే. కానీ అక్కడి వంపు భారం తీస్తే పోయేది, బంధాలన్నీ తలా కొంచెం సాగడం వల్ల వచ్చేది. దాన్ని తగ్గించడానికి ఉక్కు రకం మార్చవలసిన పనిలేదు, వ్యాసం పెంచితే చాలు. గుండ్రని ఇరుసు వంపును ఎదిరించే సామర్థ్యం వ్యాసపు నాలుగో ఘాతంతో పెరుగుతుంది కనుక, 50 మిల్లీమీటర్ల ఇరుసును 60 చేస్తే వంపు సగానికి తగ్గింది. ఆ పనికి మామూలు ఉక్కే సరిపోయింది.